నేల నుంచి వెనక్కి

కోపెన్‌హాగెన్‌లో తలుపు మూయకముందే
యంత్రం వాగర్‌లో దిగిపోయింది.

ఆలి లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే,
సరిగ్గా అదే దాని పద్ధతి.
ముందు రన్‌వే అంచు, దాని మీద యాభై అడుగులు.
అక్కణ్ణుంచి వెనక్కి నడుస్తుంది,
దిగాల్సినవాడే కింది మెట్టు మీద నిలబడి
పైకి లెక్కపెట్టుకున్నట్టు.

మూడు డిగ్రీల వాలు. ఆ పైన
వేగం చల్లారడానికి కాస్త చదును.
అక్కడో కొండ ఉంది గనక
ఈ బిందువు దాటేదాకా నాలుగు వేలకు తగ్గొద్దని షరతు.
షరతుకీ షరతుకీ మధ్య బిగించిన తాడు.
తాళ్లు అయిపోయాక
ఇంజన్లు మూలుగుతూ ఊరుకుంటే
బరువొక్కటే బండిని లాగే దారి,
వెనక్కీ పైకీ, ఇంకా పైకీ,
ముప్పై ఆరు వేల అడుగుల గీతని తాకేదాకా.
తాకిన చోట ఒక చిన్న బాణం గుర్తు:
ఇక్కడిదాకా ఎగరాలి. ఇక్కణ్ణుంచి జారాలి.

దానికి తెలిసినవి కొన్నే.
అరవై టన్నుల బరువు.
గంట ఖరీదుకీ ఇంధనం ఖరీదుకీ బేరం కుదిర్చిన ఒక అంకె,
ఈ రోజుకి పద్దెనిమిది.
నాలుగు ఎత్తుల్లో గాలి,
అదీ నిన్న రాత్రి ఎవరో ఊహించింది.
హానుస్ మీటలు పొడిచి పొడిచి ఎక్కించాడు.
కెప్టెన్ టూరి గీతని ఒక కన్ను మూసి చూసింది.
విమానాలకి ముందు ఆవిడ
సముద్రం కింద సొరంగాలకి వాలు కొలిచేది.
రెండు దీవుల నుంచి తవ్వుకుంటూ వచ్చినవాళ్లు
నడి చీకట్లో జానెడు తేడాతో కలుసుకున్న రోజు
రాతి మీద సుద్దతో తన పేరు రాసుకుంది.

వెనక పద్నాలుగో వరస నుంచి హ్యాండ్‌బాల్ ఆడపిల్లలు,
పదకొండు గోల్స్ తేడాతో ఓడి
నోళ్లు తెరుచుకుని నిద్ర.

షెట్లాండ్ దాటాక వెనక గాలి తోసింది.
రాసింది ముప్పై. వీస్తున్నది యాభై అయిదు.
దిగుతామంటే
"ఆగండి, మీ కింద ఇంకొకరున్నారు" అంది రేడియో.
మూడు నిమిషాలు.
ఆ మూడు నిమిషాల్లో పథం
వాళ్లని వదిలేసి తన పాటికి తాను దిగిపోయింది.
బస్సు వెళ్లిపోయిన స్టాపులో మనిషిలా
విమానం అక్కడే, పైనే.
పచ్చ చుక్క కొలబద్ద మీద కిందికి, ఇంకా కిందికి.

యంత్రం కోప్పడదు.
అడ్డు పెంచండి, అంటుంది చిన్న అక్షరాల్లో.
టూరి లివర్ లాగింది. రెక్కల మీద రేకులు లేచాయి.
కంకర దారిన పడ్డ బండిలా ఒళ్లంతా వణుకు.
గోల్‌కీపర్ పిల్ల కళ్లు తెరిచి
ఎవరో బంతి విసిరినట్టు చేతులు ముందుకు చాపింది.

చుక్క నడిమికి చేరింది. అంతా సరిపోయింది.
మిచినెస్ దీవి ఉండాల్సిన చోట మాత్రం
పచ్చి ఉన్ని.
అయిదు వందలు. నాలుగు వందలు. దీపాలు లేవు.
"పైకి" అంది టూరి.

ఇక్కడొక సంగతి చెప్పాలి.
యంత్రం గీసిన దాంట్లో రన్‌వే ఆఖరి పుట కాదు.
దాని తర్వాత, పొద్దున్నే, ఎవరూ అడక్కుండానే,
దిగలేకపోతే ఎంత ఎక్కాలో ఎటు తిరగాలో
నీలం రంగులో రాసిపెట్టి ఉంది.
అందులో నిష్ఠూరమేమీ లేదు.
ఆ పిల్లలకి చూపిస్తే బాగుండును, కాక్‌పిట్ తలుపు తాళం వేసి ఉంది.

సరస్సు మీదుగా, మబ్బు పైన, గుండ్రంగా తిరుగుతూ
హానుస్ ముప్పై చెరిపి యాభై అయిదు రాశాడు.
యంత్రం మళ్లీ సోమలింగం దగ్గర మొదలుపెట్టింది.

నలభై నిమిషాలకి ఉన్ని ఒక పక్క పిగిలింది.
దీపాలు. తడి తారు. చక్రాలు.

ముప్పై సెకన్లకి తెర మీద పథమంతా
దానంతటదే చెరిగిపోయింది.
సొరంగమైతే, అనుకుంది టూరి, ఉండిపోయేది.
జనం హెడ్‌లైట్లు వేసుకుని నా వాలు మీద తిరిగేవాళ్లు.
ఆకాశంలో ఈ పొద్దు దిగిన మెట్లని
వెనక్కి తిరిగి చూసినా ఏమీ లేదు,
సోర్వావుర్ ఇళ్ల మీద వాన తప్ప.

పెన్సిల్ వెతికి
సాయంత్రం విమానం వాళ్లకని
కాగితం అంచున రాసింది:
పద్దెనిమిది వేల దగ్గర గాలిని నమ్మకండి.